మార్కర్ల పొంతన

ఆ బంతి గీత మీద పడిందా, గీత అవతల పడిందా అన్నది పన్నెండేళ్ళుగా నన్ను వదలని సందేహం.

అప్పుడు నేను మిర్యాలగూడ క్లబ్బులో గుమాస్తాను. సాయంత్రం ఆటలప్పుడు సున్నపు గీత దగ్గర నిలబడి, బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పడం కూడా నా పనే. ఆ రోజు మా మార్కరు ఏసుపాదానికీ, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకో మార్కరుకూ పోటీ. మార్కరంటే క్లబ్బులో జీతం తీసుకుని సభ్యులతో టెన్నిస్ ఆడేవాడు. జీతానికి ఆడేవాళ్ళను పెద్ద పోటీల్లోకి రానివ్వరు కనుక మార్కర్లకు మార్కర్లతోనే ఆట. గెలిచినవాడికి కొత్త రాకెట్టు ఇస్తామన్నారు.

ఆట చివరికొచ్చింది. ఏసుపాదం కొట్టిన బంతి నా గీత వైపు వస్తోంది. సరిగ్గా అప్పుడే గుడిలో దీపాల వేళ గంట మోగింది. చిన్నతనం నుంచి ఆ గంట వింటే చాలు, నన్నడగకుండానే నా చేతులు జోడించుకుంటాయి, కళ్ళు మూసుకుంటాయి. రెండు శ్వాసల సేపు అంతే. కళ్ళు తెరిచేసరికి బంతి కంచె దగ్గర దొర్లుతోంది. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. చూడలేదని చెప్పడానికి సిగ్గుపడి "అవుట్" అన్నాను.

ఆ పాయింటుతో ఆట పోయింది. రాకెట్టు హైదరాబాదు పోయింది. ఏసుపాదం తగువు పెట్టుకోలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా నవ్వుతూ ఒకటే పలకరింపు. "గుమాస్తాసాబ్, నా పాయింటొకటి మీకాడ బాకీ ఉన్నది." తెలిసి అంటున్నాడో, ఓడినవాడి పరిహాసమో నాకు అంతు చిక్కేది కాదు. అడిగే ధైర్యమూ లేదు. మట్టపల్లి నరసింహస్వామి పేరు పెట్టుకున్న మట్టయ్యను నేను. దీపం పెట్టందే అన్నం ముట్టను. దేవుడికి దండం పెడుతూ చేసిన తప్పు ఏ పద్దులోకి వస్తుంది స్వామీ అని ఆయన్నే చాలాసార్లు అడిగాను. ఆయన చెప్పలేదు.

తర్వాత నేను సూర్యాపేట క్లబ్బుకు మారాను. మిర్యాలగూడ క్లబ్బు గడబిడ రోజుల్లో మూతపడింది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు కోదాడలో కొత్తగా ఒక క్లబ్బు పెట్టారు. దాని కార్యదర్శి జనార్దన్ గారు కృష్ణానది అవతలి మనిషి. ఒకనాడు మోటారు దిగి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"గుమాస్తా గారూ, మాకొక మార్కరు కావాలండి. ఇద్దరు అడుగుతున్నారు. మీ సూర్యాపేట భీమ్లా ఒకడు, మిర్యాలగూడ ఏసుపాదం ఒకడు. ఇద్దరికీ ఆట పెడుతున్నాం. గెలిచినవాడికి ఉద్యోగం, ఉండటానికి క్లబ్బు వెనక గది."

"మంచి మాటండి" అన్నాను.

"ఇంగ్లీషు పేపర్లలో ఆటకి ముందే ఎవరు గెలుస్తారో లెక్కగట్టి రాస్తారు. మనం కూడా అట్లా ఒకటి చదివి వినిపిద్దాం. మూడూళ్ళ జనం వస్తారు. ఇద్దర్నీ ఎరిగినవాళ్ళు మీరే. వాళ్ళ స్టైలూ, ఫారమూ పోల్చి చూసి, మ్యాచి ఎట్లా ఉంటుందో రాయండి."

"ఫారాలు నా దగ్గర లేవు కదండీ. మీరు పంపిస్తే పోల్చి చూస్తాను."

ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి కాసేపు నవ్వారు. "కాగితం ఫారం కాదండీ. ఈ మధ్య ఎట్లా ఆడుతున్నాడు, చెయ్యి ఎట్లా తిరుగుతోంది, అది ఫారం అంటే."

ఇంటికి వచ్చి సంగతి చెబితే మా ఆవిడ పిచ్చమ్మకు అందులో కష్టమేమీ కనిపించలేదు. "మ్యాచి అంటే పొంతనే గద. మొన్న మా తమ్ముని బిడ్డకు పొంతన సూసి రాస్తివి. గట్లనే రాయి. దానికింత పరేషాన్ ఎందుకు?"

నవ్వి ఊరుకున్నాను గాని, కాగితం ముందు కూర్చుంటే నాకు తెలిసిన లెక్క అదొక్కటే అని తేలింది. వధూవరుల పొంతనకు ఎనిమిది అంశాలు, అన్నిటికన్నా పెద్దదానికి ఎనిమిది గుణాలు, తర్వాతిదానికి ఏడు, అట్లా ఒకటి దాకా. మొత్తం ముప్పై ఆరు. ఇద్దరు మనుషులు కలిసి బతుకుతారో లేదో చెప్పే లెక్క, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందో చెప్పలేదా? చెప్తుందనే అనుకున్నాను.

భీమ్లా మా క్లబ్బు మార్కరే, అతని ఆట రోజూ చూస్తున్నదే. చిలుకూరు దగ్గరి తండావాడు, ఇరవై మూడేళ్ళు. సర్వీసు చేస్తే బంతి ఇటు నుంచి అటు పోయింది కనిపించదు, మోత మాత్రం వినిపిస్తుంది. ఎదుటివాడు ఎక్కడ వేసినా ఉరికి అందుకుంటాడు. ఎడమ పక్కకు వేస్తే మాత్రం విసుక్కుని బంతిని కంచె దాటిస్తాడు. పాయింటు పోతే తనను తాను వాళ్ళ భాషలో తిట్టుకుంటాడు.

ఏసుపాదం ఫారం చూడటానికి మిర్యాలగూడ వెళ్ళాను. రైసు మిల్లులో వడ్ల బస్తాలు మోస్తున్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, బస్తా దించాక నడుం నిటారు కావడానికి కాస్త సమయం పడుతోంది. సాయంత్రం పని దిగాక మిల్లు గోడకు ఎదురుగా నిలబడ్డాడు. పాత రాకెట్టు, పిడికి గోనె పురితాడు చుట్టి ఉంది. నూగు ఊడిపోయిన బంతి. మెల్లగా కొడుతున్నాడు. నేను లెక్క పెట్టాను. నూటికి తొంభై బంతులు గోడలో ఒకే ఇటుకకు తగిలాయి. ఎడమ పక్క నుంచి కొట్టినవి ఇంకా తిన్నగా తగిలాయి. అరవై దాటాక మాత్రం రొప్పు మొదలైంది.

అతని భార్య జానమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "అయ్యా, మీరు రాసెటోల్లంట గద. ఎట్లున్నదో ఉన్నట్టే రాయిరి. ఈ నౌకరి దొరికితె బస్తాలు తప్పుతయి. లేకుంటె వచ్చే కోతల దాంక గీ నడుము ఆగదు. దవాఖానల డాక్టరు సెప్పిండు."

"నీ భర్త ఆట ఆటగానే రాస్తానమ్మా" అన్నాను.

వచ్చేటప్పుడు ఏసుపాదం మోటారు దాకా సాగనంపాడు. "లెక్క రాసెటప్పుడు నా పాయింటు మర్వకున్రి గుమాస్తాసాబ్" అన్నాడు. ఎప్పటిలాగే నవ్వు.

రెండు రోజులు కూర్చుని రాశాను. కూడితే భీమ్లాకు పంతొమ్మిది, ఏసుపాదానికి పదిహేడు వచ్చాయి. పిచ్చమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

"ఆ ఆఖరుది, ఒక్క గుణంది, ఏంది?"

"రాకెట్టు. భీమ్లాది కొత్తది. ఏసుపాదానిది పురి చుట్టింది."

"అదొక్కటి గిటు ఏస్తె పద్దెనిమిది పద్దెనిమిది అయితది గద. ఆయన పాయింటు నీకాడ ఉండనే ఉన్నదాయె."

ఆ మాటకు నా కలం ఆగిపోయింది. ఆ రోజు నేను కళ్ళు తెరిచి ఉంటే ఆ రాకెట్టు కొత్తదే అయి ఉండేదేమో. కానీ ఈ రోజు పాతది. "ఉన్నది ఉన్నట్టు రాస్తానని జానమ్మకు చెప్పి వచ్చాను" అన్నాను.

"అయితె పొంతన రాసుడు కాదు, గీత కాడ నిలబడ్డప్పుడు కండ్లు తెరిసి ఉండు. గీడ దండం పెడ్తె స్వామి గాడ లేసి పోతడా? ఆటయినంక పెట్టుకో."

నాకూ న్యాయమే అనిపించింది. కోదాడలో కూడా గీత దగ్గర నన్నే నిలబెడతామని జనార్దన్ గారు ముందే చెప్పారు. ఆ రోజు గంట మోగినా కళ్ళు మూయను, క్షమించు స్వామీ అని ముందుగానే విన్నవించుకున్నాను.

ఆ ఆదివారం కోదాడ క్లబ్బు నిండిపోయింది. ఎర్రమట్టి మీద మఠంపల్లి సున్నపు గీతలు ఎండకు మెరుస్తున్నాయి. ఒక పక్క జానమ్మ చెంగులో ఏదో నలుపుతూ పెదాలు కదిలిస్తోంది, ప్రార్థన. ఆమె పక్కనే భీమ్లా తల్లి సక్కుబాయి రొట్టెల మూట పెట్టుకుని కూర్చుంది. కొడుకు గెలిస్తే తుల్జాభవానికి మొక్కు చెల్లిస్తానని వచ్చే పోయేవాళ్ళందరికీ చెబుతోంది. ఇద్దరూ అడిగేది ఒక్కటే ఉద్యోగం. పైన వినేవాడి ఇబ్బంది ఎవరికైనా పట్టిందా అనిపించింది నాకు.

జనార్దన్ గారు బల్ల మీద కుర్చీ వేయించుకుని ఎక్కారు. నేను కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. "చిరంజీవి భీమ్లాకూ, చిరంజీవి ఏసుపాదానికీ పొంతన చూడగా..."

అలవాటు కొద్దీ అట్లా రాసేశాను. నవ్వులు కంచె దాటి రోడ్డు మీదికి పోయాయి.

సక్కుబాయి లేచి నిలబడింది. "ఏం గుమాస్తా, నా కొడుక్కి ముసలోన్నిచ్చి పెండ్లి సేస్తవా?"

జానమ్మ ప్రార్థన ఆపి తలెత్తింది. "ముసలోడంటవేంది వదినె? నీ పిల్లగాడు బుద్ధిమంతుడైతె మేం ఆలోచన చేస్తం."

"ముందు గుణాలు ఇననీ వదినె, ఇష్టం లేకుంటె అప్పుడు లేసి పోదువు" అంటూ సక్కుబాయి మళ్ళీ కూర్చుని ఆమెకు ఒక రొట్టె ఇచ్చింది.

నేను గొంతు సవరించుకున్నాను. "నాడికి ఎనిమిది. నాడి అంటే ఇక్కడ దమ్ము. మూడో సెట్టు దాకా ఊపిరి నిలవాలి. భీమ్లాకు ఆరు, ఏసుపాదానికి రెండు."

"రెండన్న ఇచ్చిండ్రు, చాలు" అన్నాడు ఏసుపాదం నెట్టు దగ్గర నుంచి.

"రాశికి ఏడు. అది ఫారం. భీమ్లా రోజూ ఆడుతున్నాడు. ఏసుపాదం ఏడాదిగా గోడతో ఆడుతున్నాడు. ఐదు, రెండు."

"గోడ ఒక్కసారి కూడ ఓడలే సాబ్" అన్నాడు ఏసుపాదం. "దాంతోని ఆడుడు కష్టం."

"గణానికి ఆరు. అది స్వభావం. పాయింటు పోతే ఏసుపాదం నవ్వుతాడు, దేవగణం. భీమ్లా తిట్టుకుంటాడు, కనుక..."

"రాక్షసున్నా నేను?" అన్నాడు భీమ్లా.

"పొద్దున రొట్టె మాడిందని నన్నేమన్నవ్?" అంది సక్కుబాయి. "రాయి గుమాస్తా, రాయి. రాక్షసుడే."

అట్లా నేలతో స్నేహం, ఎడమ పక్క దెబ్బ, సర్వీసు, బంతిని అనుకున్నచోట వేసే నేర్పు, అన్నీ చదివి, రాకెట్టు దగ్గరికి వచ్చి, మొత్తం చెప్పాను. భీమ్లా పంతొమ్మిది, ఏసుపాదం పదిహేడు. మూడు సెట్లు పోయి భీమ్లా గెలవాలి. జానమ్మ చెంగు నలపడం ఆపేసింది. ఏసుపాదం నా వైపు చూసి తల ఊపాడు. నేను రాసింది అతనికి న్యాయంగానే తోచినట్టుంది. నాకది ఇంకా బరువనిపించింది.

ఆట మొదలైంది. మొదటి సెట్టు అచ్చం నా కాగితం ప్రకారమే నడిచింది. భీమ్లా ఆరు, ఏసుపాదం రెండు. సర్వీసుకు ఎదురుగా రాకెట్టు పెట్టడానికే ఏసుపాదానికి సరిపోయింది.

రెండో సెట్టులో ఏసుపాదం బంతిని గట్టిగా కొట్టడం మానేశాడు. ఎత్తుగా లేపి మెల్లగా దించుతాడు, ఎడమ పక్కకే, ప్రతిసారీ అదే ఇటుకకు వేసినట్టు. భీమ్లా ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు, మూడోది విసుగొచ్చి కంచె దాటించాడు.

"బేటా, మెల్లగ" అని అరిచింది సక్కుబాయి.

"మెల్లగ కొడితె బంతి నవ్వుతున్నదే" అన్నాడు భీమ్లా.

ఆ సెట్టు ఏసుపాదానిది, ఆరు నాలుగు. మూడో సెట్టులో ఇద్దరి గుణాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకడికి ఓపిక ఉంది, ఊపిరి లేదు. ఒకడికి ఊపిరి ఉంది, ఓపిక లేదు. పొద్దు వాలింది. ఏసుపాదం ప్రతి పాయింటు మధ్యా నడుం మీద చెయ్యి వేసుకుంటున్నాడు.

నేను గంట కోసం సిద్ధంగా ఉన్నాను. క్లబ్బు గోడ పక్కనే శివాలయం. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాను. సూర్యుడు దిగిపోయాడు. గంట మోగలేదు. ఇంకో రెండు గేములు అయ్యాయి. మోగలేదు. ఈ గుడిలో గంట లేదేమో, స్వామి నా మొర విన్నాడు అనుకుని చేతులు వదులు చేశాను.

భీమ్లాకు ఐదు గేములు, ఏసుపాదానికి నాలుగు. నలభై, ముప్పై. ఇంకొక్క పాయింటు వస్తే ఉద్యోగం భీమ్లాది. నా లెక్క నిజమవుతుంది. సర్వీసు వచ్చింది, ఏసుపాదం తిప్పాడు. భీమ్లా ముందుకు వచ్చాడు. ఏసుపాదం బంతిని అతని తల మీదుగా లేపాడు. అది ఆకాశంలోకి వెళ్ళి, కాసేపు ఆగి, నా గీత వైపు దిగడం మొదలుపెట్టింది.

గంట మోగింది.

తర్వాత తెలిసింది, పూజారి గౌరయ్య అప్పటిదాకా గోడ ఎక్కి ఆట చూస్తున్నాడట. హారతి గుర్తొచ్చి దూకి పరుగెత్తి, ఆలస్యమైందని రెండింతలు గట్టిగా కొట్టాడట. నాకు మాత్రం తెలిసింది ఇంతే. నా చేతులు జోడించి ఉన్నాయి, కళ్ళు మూసి ఉన్నాయి. తెరిచేసరికి బంతి కంచె దగ్గర దొర్లుతోంది. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

"గుమాస్తా గారూ?" అన్నారు జనార్దన్ గారు కుర్చీలోంచి.

అవుట్ అంటే నా కాగితం నిలబడుతుంది. లోపల అంటే నా బాకీ తీరుతుంది. రెండు మాటలూ నాలుక చివరనే ఉన్నాయి. రెండూ ఎంత సులువుగా ఉన్నాయో. జానమ్మ లేచి నిలబడి ఉంది.

"నేను చూడలేదండి" అన్నాను.

"చూడలేదంటే ఏంటండీ?"

"గంట మోగింది. కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడూ చూడలేదు, మిర్యాలగూడలో ఆనాడూ చూడలేదు."

మిర్యాలగూడ సంగతి ఎవరికీ అర్థం కాలేదు. వెనక నుంచి ఎవరో "ముప్పై ఆరు గుణాలు సూసిండు గని, ఒక్క బంతి సూడలే" అన్నారు. మళ్ళీ నవ్వులు. ఏసుపాదం ఒక్కడే నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు.

గంట మోతకు జనంతో పాటు తానూ గుడి వైపే తిరిగిన జనార్దన్ గారు భీమ్లాను అడిగారు. "నువ్వు చూశావా?"

"ఎన్కకు ఉరుకుతున్న సాబ్, బంతి నా ఈపు ఎన్క పడ్డది. సూడంది సూసిన్నని ఎట్లంట?"

బంతి తెచ్చి చూశారు. ఆ రోజంతా సున్నం మీద పడి పడి అది అంతటా తెల్లగానే ఉంది. జనార్దన్ గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేజీలు తిప్పి, "ఎవరూ చూడకపోతే ఆ పాయింటు మళ్ళీ ఆడాలి" అన్నారు.

మళ్ళీ ఆడారు. భీమ్లా సర్వీసు చేసి, ఈసారి తల మీదుగా వస్తుందని ముందే వెనక్కి వెళ్ళాడు. ఏసుపాదం బంతిని నెట్టు పక్కనే చంటిపిల్లను పడుకోబెట్టినట్టు దించాడు. భీమ్లా ఉరికి వచ్చి, అందక, నెట్టును కౌగిలించుకున్నాడు. "ఓడగొట్టకురి కాకా, కొట్టి సంపుండ్రి" అని అతనే ముందు నవ్వాడు. అక్కడి నుంచి ఆట ఇటు తిరిగింది. ఏడు ఐదుకు ఏసుపాదం గెలిచాడు. చివరి బంతికి నడుం పట్టుకుని అక్కడే మట్టిలో కూర్చున్నాడు. జానమ్మ వచ్చి లేపింది.

సక్కుబాయి మూట కట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "గుణాలు కుదిరినయన్నవ్, పెండ్లి తప్పిపాయె. ఇగ నా కొడుక్కి నిజం పెండ్లికి నీకాడికి మాత్రం రాను గుమాస్తా." తర్వాత జానమ్మ వైపు తిరిగి, "గదిల ఎల్క ఉంటది వదినె, చూసుకో. నేను పొద్దుగాలే పోయి సూసొచ్చిన" అంది. భీమ్లాకు సూర్యాపేట పని ఉండనే ఉంది. తల్లి దిగులల్లా అది తండాకు దూరమనే. చిలుకూరు బండి దొరికితే చాలని ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు.

అందరూ వెళ్ళాక ఏసుపాదం నెట్టు తాళ్ళు విప్పుతున్నాడు. అప్పుడే ఆ ఇంటివాడైపోయాడు. నేను దగ్గరికి వెళ్ళి, పన్నెండేళ్ళుగా అడగనిది అడిగాను. "ఆనాడు నేను చూడలేదని నీకు తెలుసా?"

"తెల్వకేం సాబ్? మీ చేతులు జోడించి ఉండె."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"దేవునికి దండం పెట్టెటోన్ని అబద్ధమాడినవని ఎట్లంట? మీరే సెప్తరని సూసిన. ఇగ సెప్తరు, అగ సెప్తరు. జర ఆలస్యమైంది."

"ఆనాటి ఆ బంతి లోపల పడిందా, బయట పడిందా?"

"నాకేమెరుక?" అన్నాడతను. "నేను గంటకు ఉలికిపడి మీ దిక్కు సూసిన."

అందరి కళ్ళూ ఒక్కసారే మళ్ళించింది ఎవరని అడుగుదామనిపించింది గాని, ఎవరిని అడగాలో తెలియలేదు. జేబులోంచి పొంతన కాగితం తీసి, ఆఖరి వరసలో ఒక్క గుణాన్ని కొట్టేసి అటు నుంచి ఇటు రాశాను. పద్దెనిమిది, పద్దెనిమిది. అది అతని చేతిలో పెట్టాను.

ఏసుపాదం దాన్ని మిగిలిన కాస్త వెలుతురుకు ఎత్తి చూసి, మడిచి, పురి చుట్టిన రాకెట్టు పిడిలో దోపుకున్నాడు.

"ముట్టింది సాబ్" అన్నాడు.